రెండు పేర్ల పిల్లలు: ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతపు సండేస్కూళ్లలో దేశభక్తి బోధన

ఆదోని, ఎమ్మిగనూరు చుట్టుపట్ల పల్లెలలో సండేస్కూలు పిల్లవానిని "నీ పేరేమి నాయనా?" అని అడిగినప్పుడు కొన్నిసార్లు ఎదురు ప్రశ్న వచ్చును. "బడి పేరు చెప్పల్లా సార్, గుడి పేరు చెప్పల్లా?" గుడి అనగా ఈ ప్రాంతపు క్రైస్తవుల వాడుకలో ప్రార్థనా మందిరమే. మొదటిసారి విన్నప్పుడు మేము నవ్వితిమి. తిరిగి వచ్చు త్రోవలో ఆ నవ్వు మిగులలేదు.

బడి రిజిస్టరులో ఒక పేరు, దాని ప్రక్క గడిలో ఒక మతము, ఒక కులము. సంఘములో బాప్తిస్మపు పేరు వేరొకటి. సోమవారము బడి ఆవరణలో చేయి చాచి ప్రతిజ్ఞ చేయువాడును, ఆదివారము చాపమీద కూర్చుండి దానియేలు కథ వినువాడును ఒక్కడే. అయితే దేశభక్తిని గూర్చిన మన పాఠములు ఈ పిల్లవానిని ఎరుగవు. ఆగస్టు 15న ఒక జెండా, ఒక మిఠాయి, రోమా 13వ అధ్యాయమునుండి రెండు మాటలు, అంతటితో సరి. దేశమును ప్రేమించుము అని చెప్పుట సులభము. ఆ దేశపు కాగితముమీద తానెవరో తనకే తెలియని బిడ్డకు ఆ మాట ఎట్లు చెప్పవలెను? కాపరులును వేదాంత విద్యార్థులును మాతో కలిసి ఆలోచించవలసినది ఇదే.

ప్రతిజ్ఞయు జాతీయగీతమును

మొదట తేలికైన దానిని ముగింతము. ప్రతిజ్ఞ, జాతీయగీతము మన విశ్వాసమునకు అడ్డమా అని కొందరు విశ్వాసులు అడుగుచుందురు. దేశమంతట బడిపిల్లలు చెప్పు ప్రతిజ్ఞ మొదట తెలుగులో వ్రాయబడినదే. నల్లగొండ జిల్లా అన్నెపర్తికి చెందిన పైడిమర్రి వెంకట సుబ్బారావు 1962లో విశాఖపట్నమున ట్రెజరీ అధికారిగా ఉన్నప్పుడు దానిని వ్రాసిరి. 1965 జనవరి 26 నుండి అది దేశమంతటికి చెందినది. దేశస్థులందరిని తోబుట్టువులుగా ఎంచుట, పెద్దలను గౌరవించుట, ప్రజల క్షేమములో తన ఆనందమును చూచుకొనుట అందులోని సారము. దేనినైనను పూజింతునని అందులో ఎక్కడను లేదు.

జాతీయగీతమును రాజ్యాంగ సభ 1950 జనవరి 24న స్వీకరించినది. రవీంద్రనాథ్ ఠాగూరు దానిని ఇంగ్లీషులోనికి అనువదించినది 1919లో మన రాయలసీమలోని మదనపల్లెలోనే. బడిలో పాడని రెండవ చరణములో ఆయన హిందువులు, బౌద్ధులు, సిక్కులు, జైనులు, పారశీకులు, ముసల్మానులతో పాటు క్రైస్తవులను కూడ పేరుపెట్టి పిలిచెను. ఈ సంగతి మన పిల్లలలో ఎందరికి తెలియును? తమ పేరు కూడ ఆ పాటలో ఉన్నదని తెలిసిన బిడ్డ దానిని వేరే గొంతుతో పాడును.

మనస్సాక్షి పాడనియ్యనివారి సంగతి వేరు. 1985లో కేరళలో యెహోవా సాక్షుల కుటుంబపు ముగ్గురు తోబుట్టువులు గీతము పాడలేదని బడినుండి తీసివేయబడిరి. అయితే గీతము వచ్చునప్పుడు వారు గౌరవముతో నిలువబడుచునే ఉండిరి. 1986 ఆగస్టు 11న సుప్రీంకోర్టు వారి పక్షమున తీర్పు చెప్పినది. ఆ తీర్పు వ్రాసిన జస్టిస్ ఓ. చిన్నప్పరెడ్డి పూర్వము మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు న్యాయమూర్తి. వారి సిద్ధాంతములు మనము అంగీకరింపము. వారు పాడకపోయిన గీతమును మనము పాడుదుము. అయినను పాడుట ఒక్కటే గౌరవము కాదని, నోరు మూసుకొని నిలుచుండుటయు గౌరవమే కాగలదని ఆ తీర్పువలన తెలియుచున్నది. పైతరగతుల పిల్లలకు ఇది తప్పక చెప్పవలసిన కథ.

బబులోను బడిలో నలుగురు పిల్లలు

ఇప్పుడు అసలు సంగతి. దానియేలు గ్రంథము మొదటి అధ్యాయమును మనము తరచుగా భోజనపు పాఠముగా మాత్రమే చెప్పుదుము. నిజమునకు అది ఒక బడి కథ. నలుగురు పిల్లలు పరాయి రాజు బడిలో చేర్చబడిరి. కల్దీయుల భాషయు విద్యయు నేర్చుకొనిరి. నపుంసకుల అధిపతి వారికి వేరే పేర్లు పెట్టెను (1:7). దానియేలు బెల్తెషాజరు ఆయెను. హనన్యా, మిషాయేలు, అజర్యాలు షద్రకు, మేషాకు, అబేద్నెగోలైరి. అన్య దేవతల వాసన ఉన్న ఆ పేర్లమీద వారు తగవు పెట్టుకొన్నట్లు గ్రంథము చెప్పదు. చదువును కాదనలేదు. భోజనమువద్ద ఆగిరి, అదియు మర్యాదగా అడిగి, పది దినముల పరీక్షకు ఒప్పుకొని. మూడవ అధ్యాయములో ప్రతిమయొద్ద ఆగిరి, అక్కడ పరీక్షయు లేదు, బేరమును లేదు.

చదువరులు ఒక చిన్న వివరము గమనింతురుగాక. రాజసభలో వ్యవహారము జరుగునప్పుడు ఆ ముగ్గురిని గ్రంథము బబులోను పేర్లతో పిలుచును (2:49). దానియేలు ఇంటికి పోయి ప్రార్థనకు వారిని కూడగట్టినప్పుడు మాత్రము హనన్యా, మిషాయేలు, అజర్యా అని ఇంటి పేర్లే వచ్చును (2:17). బడి పేరు, గుడి పేరు! మన పల్లె పిల్లవాడు అడిగిన ప్రశ్న బైబిలులో ముందే ఉన్నది. రెండు పేర్లున్నంత మాత్రమున బిడ్డ రెండుగా చీలిపోనక్కరలేదని, ఏది స్వీకరింపవచ్చునో ఎక్కడ ఆగవలెనో తెలిసికొనుటయే విశ్వాసపు చదువని ఈ కథతో చెప్పవచ్చును.

పేతురు మాట కూడ ఇక్కడ పనికివచ్చును. 1 పేతురు 2:17లో రాజు విషయమై వాడిన గ్రీకు క్రియాపదము మనుష్యులందరి విషయమై వాడినదే, సన్మానించుట. భయపడుట అను మాటను అతడు దేవునికొరకే ఉంచెను. దేశమునకు సన్మానము, దేవునికి భయము. పదేండ్ల బిడ్డకు ఈ భేదము అర్థమగును. పెద్దలమైన మనమే కలగాపులగము చేయుదుము.

మతము అను గడి

పేరు సంగతి అట్లుండగా, మతపు గడి అంత తేలిక కాదు. 1950 నాటి షెడ్యూల్డు కులముల రాష్ట్రపతి ఉత్తర్వు మొదట హిందువులకు మాత్రమే ఆ హోదానిచ్చినది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చిరి. క్రైస్తవులు చేరలేదు. మన రాష్ట్రములో దళిత క్రైస్తవులు వెనుకబడిన తరగతులలో సి గ్రూపున ఉన్నారు. దాని వంతు ఒక్క శాతమే. కావున అనేక కుటుంబములు బడిలో ఒకటి వ్రాయించి గుడిలో మరొకటిగా జీవించుచున్నవి. 2007లో రంగనాథ్ మిశ్రా కమిషను ఈ మతపు షరతును తొలగింపవలెనని సిఫారసు చేసినది. 2022లో జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ అధ్యక్షతన మరియొక కమిషను నియమింపబడినది. 2023 మార్చిలో ఆంధ్రప్రదేశ్ శాసనసభ దళిత క్రైస్తవులకు ఆ హోదా కోరుచు తీర్మానము చేసినది.

"అది అబద్ధమా సార్?" అని పిల్లవాడు అడుగును. తొమ్మిదవ ఆజ్ఞ నేర్పినది మనమే గదా. దీనికి మాయొద్ద నున్నని జవాబు లేదు. ఏమియు కాదులే అని చెప్పినయెడల ఆజ్ఞను తేలిక చేసినట్లగును. మీ అమ్మానాన్నలు పాపము చేసిరి అని చెప్పుటకు మేము సిద్ధముగా లేము. పత్తి ఏరి కూలి తెచ్చు తల్లిని, తాను ఎన్నడును చెల్లింపని మూల్యమును చెల్లింపుమని అడుగుటకు ఏ కాపరికిని హక్కు లేదు. అట్లని కాగితములో ఏమి వ్రాయవలెనో సలహా చెప్పుటయు కాపరి పని కాదు. నిజము వ్రాయించి నష్టమును భరించిన కుటుంబములును కలవు. వారిని సంఘము ఎదుట ఘనపరచుట మనము మరచితిమి.

ఇంకొకటి కూడ ఒప్పుకొనవలెను. బాప్తిస్మముతో కులము పోలేదు. పోయియుండిన ఈ చిక్కే లేదు. మాలలకు ఒక మందిరము, మాదిగలకు ఒక మందిరము నడుపుకొనుచు, ప్రభుత్వమునొద్ద న్యాయము లేదని పిల్లలకు చెప్పుట ఎట్లు?

మేము పెద్ద పిల్లలకు చెప్పునది ఇది. చట్టము ఇట్లున్నది, దీనివలన మనవారికి నష్టము కలిగినది, దీనిని మార్చుమని బాహాటముగా అడుగుట దేశద్రోహము కాదు. పౌలు ఫిలిప్పీ చెరసాలలో తన రోమా పౌరత్వమును ఎత్తిచూపి అధికారులనే రప్పించెను (అపొ. 16:37). హక్కు అడుగుట అవిశ్వాసము కాదు. తనది కాని దేశములో ఎవడును హక్కు అడుగడు.

ఊరి క్షేమము

ఆ నలుగురివలెనే చెరపోయినవారికి యిర్మీయా వ్రాసిన ఉత్తరములో (29:7) దేశమను పెద్దమాట లేదు. తామున్న పట్టణముయొక్క క్షేమము కోరుమని ఉన్నది. మన పిల్లలకు కూడ అక్కడనుండియే మొదలుపెట్టవలెను. ఆదోని తాలూకా 1953 అక్టోబరు 1 వరకు మద్రాసు రాష్ట్రపు బళ్లారి జిల్లాలో ఉండెను. ఇల్లు కదలకయే తాతల రాష్ట్రము మారినది. ఊరు మాత్రము మారలేదు. ఎమ్మిగనూరులో మాచాని సోమప్ప 1938లో చేనేత సహకార సంఘము స్థాపించి మగ్గములకు బ్రతుకు చూపెను. ఆయన మన సంఘస్థుడు కాడు. అయినను యిర్మీయా పాఠమునకు ఇంతకంటె దగ్గరి ఉదాహరణ మాకు దొరకలేదు. మగ్గపు గుంటలో కాలాడించుకొనుచు పెరిగిన పిల్లలకు అది వెంటనే అర్థమైనది.

పంట కోతల తరువాత ఈ ప్రాంతపు కుటుంబములు గుంటూరు మిరప చేలకు వలస పోవును. పిల్లలును వెంట పోవుదురు. బడియు, సండేస్కూలును ఖాళీ యగును. జనవరి 26న మనము జెండా ఎగురవేయునప్పుడు జెండా క్రింద ఎవరు లేరో లెక్కించినయెడల మంచిది. తిరిగివచ్చిన పిల్లలను తాము చూచిన ఊళ్లను గూర్చి చెప్పుమని అడుగవలెను. మ్యాపుకంటె ఎక్కువ దేశము వారు చూచియుందురు. ఉపాధ్యాయులు ఆ ఊళ్ల పేర్లు వ్రాసికొని ప్రార్థనలో చేర్చవచ్చును.

పేరడిగిన ఆ పిల్లవానితో మేము తరువాతి నెలలో "రెండును చెప్పు" అంటిమి. చెప్పినాడు. ప్రక్కన కూర్చున్న చిన్నపాప ఊరుకొనలేదు. "నాకి మూడున్నాయి సార్, మా అవ్వ పిలిచేది ఇంగొకటి" అన్నది.