నిన్న పాప ఏం తింది?

మా రెండో పాపకు పదిహేనో నెల చెకప్. పాలిపోయి కనిపిస్తోందని డాక్టర్ వేలి నుంచి రక్తపు చుక్క తీసి చూశారు. హిమోగ్లోబిన్ తక్కువగా ఉంది. "నిన్న పొద్దున్నుంచి రాత్రి దాకా ఏమేం తింది?" అని అడిగారు. ఉప్మా, అరటిపండు, పెరుగన్నం, బిస్కెట్లు, నాలుగైదు సీసాల పాలు అని చెప్పాను. బొజ్జ నిండా తింటోందనే ధైర్యం నాది.

ఆమె వేళ్ల మీద లెక్కపెట్టారు. ఉప్మా, అన్నం, బిస్కెట్ అన్నీ ధాన్యమే. పాలు, పెరుగు ఒకటే. అరటిపండుతో కలిపితే మూడు రకాలే!

ఆరు నెలల నుంచి రెండేళ్ల లోపు పిల్లలకు ప్రపంచ ఆరోగ్య సంస్థ, యూనిసెఫ్ చెప్పే లెక్క ఇది: తల్లిపాలు; ధాన్యాలు, దుంపలు; పప్పులు, గింజలు; పాలు, పెరుగు; మాంసం, చేపలు; గుడ్లు; విటమిన్-ఎ బాగా ఉండే ఆకుకూరలు, పండ్లు; మిగతా కూరగాయలు, పండ్లు. ఈ ఎనిమిదిలో రోజుకు కనీసం ఐదు అందాలి. రాగిజావ మంచిదే, కానీ అదీ ధాన్యం కిందకే వస్తుంది. పాలు మరీ ఎక్కువైతే మిగతా తిండికి ఆకలి ఉండదు, ఐరనూ అందదు.

ఇది మాకు తెలియక జరిగింది కాదు. మా అత్తగారు ఉన్న ఆరు నెలలూ పాలకూర పప్పు, క్యారెట్, గుడ్డు అన్నీ మెత్తగా మెదిపి, కబుర్లు చెబుతూ తినిపించేవారు. ఆవిడ ఇండియా వెళ్లిపోయాక, ఇద్దరి ఆఫీసు కాల్స్ మధ్య పాపకు త్వరగా మింగుడుపడేవే మిగిలాయి. తగ్గింది డబ్బు కాదు, తినిపించే చేతులు.

డాక్టర్ ఐరన్ చుక్కలు రాశారు, పాలు తగ్గించమన్నారు. ఇంట్లో మేం మార్చింది ఒక్కటే. వేరే వంట పెట్టుకోలేదు. మా పప్పులో, కూరలో ఉప్పు, కారం వేయకముందే పాప వాటా తీసేస్తున్నాం. పప్పన్నంలో నాలుగు చుక్కల నిమ్మరసం పిండితే అందులోని ఐరన్ ఒంటికి బాగా పడుతుంది. ఆదివారం పప్పు, గుమ్మడి ముద్దలు చిన్న గిన్నెల్లో ఫ్రీజర్‌లో పెడుతున్నాం. రాత్రి తినిపించే పని నాది. ఆ అరగంట క్యాలెండర్‌లో మీటింగ్‌లాగే బ్లాక్ చేసుకున్నాను.

మూడు నెలల తర్వాత హిమోగ్లోబిన్ మామూలుకు వచ్చింది. అత్తగారు వీడియో కాల్‌లో రోజూ "బుజ్జితల్లి ఏం తింది బాబూ?" అని అడుగుతారు. ఇదివరకు "బాగానే తింది అత్తయ్యా" అని దాటేసేవాణ్ణి. ఇప్పుడు పేరుపేరునా చెబుతున్నాను.