వంటింటి పులుపు, పిల్లల పిండిముద్ద

తొర్రూరు ప్రాంతమున పచ్చిపులుసు నెరుగని ఇల్లు లేదు. చింతపండు పిసికిన రసమున ఉల్లి, మిర్చి, జీలకర్ర చేర్చి, పొయ్యి మీద పెట్టకయే కలుపుకొందురు. దీని పులుపునకు ముఖ్యకారణము టార్టారిక్ ఆమ్లము. నిమ్మలో సిట్రిక్ ఆమ్లము, పెరుగులో లాక్టిక్ ఆమ్లము కలవు. స్వీడన్ దేశపు రసాయనికుడు షీలే 1769లో మొదటిదానిని, 1780లో పులిసిన పాలనుండి లాక్టిక్ ఆమ్లమును, 1784లో నిమ్మరసమునుండి సిట్రిక్ ఆమ్లమును వేరుపరచెను.

వీటిని బలహీన ఆమ్లములందురు. నీటిలో వీని అణువులలో కొన్ని మాత్రమే విడివడును. అంతమాత్రమున ఇవి నిరపాయములని భావింపరాదు. అమ్లరసము అగ్నిని దీపింపజేయును, వాతమును శమింపజేయును; మితిమీరినచో పిత్తమును పెంచి, పండ్లను పులియజేయునని చరకుడు చెప్పెను. దానిమ్మ, ఉసిరి మాత్రము పులుపైనను పిత్తము పెంచవు. నిమ్మరసము త్రాగిన వెంటనే పండ్లు తోముకొనరాదు. ఆమ్లము తగిలి మెత్తబడిన పింగాణిపొర రాపిడికి అరుగును. నీటితో పుక్కిలించి, అరగంట ఆగవలెను.

పప్పు ఉడికిన పిమ్మటనే చింతపండు వేయవలెను. ముందే వేసినచో పప్పు బిరుసుగా నిలుచును. ఆకుకూరపై నిమ్మ పిండుట రుచికే కాదు, అందలి ఇనుము ఒంటబట్టుటకు కూడ.

ఇక పాత్రల సంగతి. చింతపండుతో తోమిన ఇత్తడి మెరయుటకు కారణము, ఆమ్లము చిలుమును కరిగించుటయే. కళాయి లేని ఇత్తడి, రాగి పాత్రలలో పులుసు నిలువయుంచిన అదే రాగి ఆహారమున చేరి, వాంతులు, కడుపునొప్పి కలిగించును. పూర్వులు పులుసునకు రాచ్చిప్పను, ఊరగాయకు జాడీని వాడుట ఊరక కాదు. అల్యూమినియపు గిన్నెలో వండినను, వెంటనే తీసి వేరొకదానిలో పోయుట మేలు.

పిల్లలకు బొమ్మలు చేయు పిండిముద్దలోను ఆమ్లమునకు పనికలదు. మైదా ఒక కప్పు, ఉప్పు అరకప్పు, నీరు ఒక కప్పు, నూనె ఒక పెద్ద చెంచా, నిమ్మరసము రెండు పెద్ద చెంచాలు కలిపి, సన్నని సెగపై ముద్దకట్టువరకు త్రిప్పవలెను. పాశ్చాత్యులు ఇందు నిమ్మరసమునకు బదులుగ క్రీం ఆఫ్ టార్టార్ వేయుదురు. అదియు మన చింతపండు ఆమ్లపు లవణమే. ఆమ్లము పిండిని సాగునట్లు చేయును, ఉప్పుతో కూడి త్వరగా చెడకుండ కాపాడును.

ఈ ముద్దలో భయపడవలసినది పులుపునకు కాదు, ఉప్పునకు. వంటింటి వస్తువులే కదాయని పసివారిచేతికిచ్చి మరలిపోవుట నేను ఒప్పను. చిన్నబిడ్డ పెద్దముద్ద మింగినచో రక్తమున ఉప్పు పెరిగి, దాహము, వాంతులు, మగత, మూర్ఛ సంభవింపవచ్చును. అట్టియెడ ఇంటివైద్యము చేయక, ఉప్పునీరు త్రాగించి వాంతి చేయింపక, వెంటనే ఆసుపత్రికి కొనిపోవలెను. మూడేండ్లలోపు పిల్లలకు ఉప్పులేని గోధుమపిండి ముద్దయే చాలును. అది ఆనాడే పారవేయవలెను. ఉప్పుముద్దను మూతగల డబ్బాలో దాచి, వాసన మారిననాడు తీసివేయవలెను. కుక్కలకు అందనీయరాదు; వానికిని అది ప్రాణాపాయము.