లెక్కలన్నీ ఒక్కచోట

అశోక్‌నగర్ జిరాక్స్ షాపుల చుట్టూ పాత ప్రశ్నపత్రాల కోసం తిరిగే పెన్‌డ్రైవ్ ఎన్ని కంప్యూటర్లలో దూరుతుందో, ఎన్నిసార్లు పని పూర్తికాకముందే ఊడివస్తుందో చెప్పలేం. ఓ రోజు దాన్ని పెట్టగానే ‘డ్రైవ్‌లో సమస్య ఉంది, స్కాన్ చేసి సరిచేయనా?’ అని విండోస్ అడుగుతుంది. నొక్కితే ఒకే ప్రోగ్రాం అన్నీ చూసుకుంటుంది. యూనిక్స్ అనే పాత ఆపరేటింగ్ సిస్టం తొలినాళ్లలో ఇలా ఉండేది కాదు. 1979 నాటి ఏడో ఎడిషన్‌లో కూడా ఈ పనికి నాలుగు ప్రోగ్రాములు: ఐచెక్, డీచెక్, ఎన్‌చెక్, సీఎల్‌ఆర్‌ఐ. తర్వాత వీటి స్థానంలోకి ఎఫ్‌ఎస్‌సీకే అనే ఒక్కటే వచ్చింది. నాలుగు పేర్లు గుర్తుపెట్టుకునే బాధ తప్పిందని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. అసలు కారణం చాలా అందమైనది.

కార్డుల కాలం నాటి చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీ లాంటి గ్రంథాలయాన్ని ఊహించుకోండి. రిజిస్టర్‌లో పుస్తకానికో నంబరు. రచయిత పేరుతో ఒకటి, పుస్తకం పేరుతో ఒకటి, విషయం పేరుతో ఒకటి, ఇలా ఒకే నంబరుకు మూడు కార్డులు. డిస్కులో రిజిస్టర్ పద్దును ఐనోడ్ అంటారు. డైరెక్టరీలో కనిపించే ఫైలు పేరే కార్డు. తనకు ఎన్ని కార్డులున్నాయో ఐనోడ్‌లోనే రాసి ఉంటుంది. ఆఖరి కార్డు తీసేస్తే ఆ లెక్క సున్నా అవుతుంది, ఫైలు పోతుంది. ఐచెక్ అరల్లోని, అంటే డిస్కు మీది జాగా ఎవరిదో చూసేది. డీచెక్ కార్డులు లెక్కపెట్టేది. ఎన్‌చెక్ ఏ నంబరుకు ఏ పేరో చెప్పేది. సీఎల్‌ఆర్‌ఐ పాడైన పద్దును కొట్టేసేది. ఒకదాని లెక్క ఇంకొకదానికి తెలిసేది కాదు.

పద్దు కొట్టేసి కార్డు తీయడం మరిచారనుకోండి. అదే నంబరు రేపు కొత్త పుస్తకానికి వస్తుంది. ఇప్పుడు పాత కార్డు కొత్త పుస్తకాన్ని చూపిస్తుంది. పాత కార్డు పనికిరాదని ఎవరో చెరిపేస్తారు. దాంతో లెక్క సున్నాకు పడి కొత్త ఫైలు మాయమవుతుంది. మిగిలిన కొత్త కార్డు ఖాళీ పద్దును చూపిస్తూ ఉంటుంది. మళ్లీ మొదటికొచ్చాం. ఈ చక్రం ఆగకుండా తిరగవచ్చని సీఎల్‌ఆర్‌ఐ మాన్యువలే హెచ్చరించింది. ఒక పనిముట్టు చేసిన మరమ్మతే ఇంకో పనిముట్టుకు జబ్బుగా కనిపించడం అంటే ఇదే.

బెల్ ల్యాబ్స్‌లో టి.జె. కోవాల్‌స్కీ రాసిన ఎఫ్‌ఎస్‌సీకే ఈ ముడిని విప్పింది. ముందు పద్దులు, వాటి జాగా. తర్వాత పేర్లు. ఆపైన ఏ డైరెక్టరీ తెగిపోయిందో. ఆ తర్వాత కార్డుల లెక్క. చివర ఖాళీ జాగా. మొదటి దశలో పోగైన పట్టిక చివరిదాకా దాని దగ్గరే ఉంటుంది కనుక, పద్దు కొట్టేస్తే ఏ కార్డు తీయాలో దానికి తెలుసు. కార్డే లేని ఫైళ్లను లాస్ట్ అండ్ ఫౌండ్ డైరెక్టరీలో నంబరుతో పెడుతుంది. ఐనోడ్‌లో పేరు ఉండదు మరి!

ఒక పనిముట్టుకు ఒకే పని అన్నది కదా యూనిక్స్ నీతి అని అడ్డు చెప్పేవారున్నారు. నిజమే, కానీ ఇక్కడ ఆ ఒక్క పని లెక్కలు పొసగించడం. దాన్ని నాలుగు ముక్కలు చేస్తే ఏ ముక్కా పని కాదు. చేయబోయే మార్పులను డిస్కు ముందే రాసిపెట్టుకునే జర్నల్ వచ్చాక ఇదంతా ఎందుకన్న వాదమూ నిలవదు. కరెంటు పోయినప్పుడు జర్నల్ కాపాడుతుంది, డిస్కు రాతే చెడితే కాదు.

అయితే ఒకే పేరు కింద చేర్చిన ప్రతిదీ ఇలాంటి కలయిక కాదు. లినక్స్‌లో ఎఫ్‌ఎస్‌సీకే ఇప్పుడు గుమ్మం మాత్రమే. ఫైల్‌సిస్టం రకాన్ని బట్టి లోపలి ప్రోగ్రామును పిలుస్తుంది. ఎక్స్‌ఎఫ్‌ఎస్ అయితే ఆ పిలుపుకు పలికేది మామూలుగా ఏమీ చేయకుండా ‘సరే’ అంటుంది. అసలు మరమ్మతు ఎక్స్‌ఎఫ్‌ఎస్ రిపేర్ అనే వేరే పనిముట్టుది. బీటీఆర్‌ఎఫ్‌ఎస్ అనే ఇంకో ఫైల్‌సిస్టం విడివిడి పనిముట్లను ఒకే ఆదేశం కింద చెక్, రెస్క్యూ, రిస్టోర్‌లుగా చేర్చింది. డిస్కు రాతను చదివే కోడ్ ఒక్కచోట ఉండటం లాభమే. కానీ ఒకటి కట్టిన పట్టిక ఇంకొకటికి అందదు. పైగా చూసే పని పక్కనే చెరిపే పనీ చేరింది. అక్కడ మరమ్మతు ఆప్షన్ హెచ్చరించి, 10 సెకన్లు ఆగి గాని మొదలవదు.

ఇక ఉపయోగమంటారా, ఈ ప్రోగ్రాములు కాపాడేది డిస్కు లెక్కను, మీ నోట్సును కాదు. పెన్‌డ్రైవ్ మొరాయిస్తే ముందు మొత్తం కాపీ తీసుకోండి. విండోస్‌లో చెక్‌డిస్క్‌ను స్లాష్ ఎఫ్ లాంటి ఆప్షన్లేవీ లేకుండా నడిపితే తప్పులు చెబుతుందే తప్ప దేన్నీ దిద్దదు.