వికలాంగ పింఛను - పిల్లల మనోవర్తి

వైకల్య పరీక్షకు వచ్చే తండ్రుల్లో కొందరు చెయ్యో కాలో చూపించకముందే ఒక ప్రశ్న వేస్తారు: "డాక్టరుగారూ, ఎంత శాతం రాస్తే పిల్లల మనోవర్తి కట్టనక్కర్లేదు?"

అలాంటి శాతం ఏదీ లేదు. మేము సర్టిఫికెట్టులో వేసే అంకె అవయవానిది, సంపాదనది కాదు. ఎడమచెయ్యి పోయిన డ్రైవరుకు బతుకుతెరువే పోవచ్చు. అదే చెయ్యి పోయిన గుమాస్తా ఉద్యోగం చేసుకుంటూనే ఉండవచ్చు. 2010లో సుప్రీంకోర్టు ఒక ప్రమాద పరిహారం కేసులో సరిగ్గా ఈ తేడానే విడమరిచి చెప్పింది. మనోవర్తి కేసులోనూ మేజిస్ట్రేటు చూసేది తండ్రికి తగినంత స్తోమత ఉందా అనే.

కాబట్టి శాతం కోసం పట్టుపట్టకండి. మీకు వైద్యం చేసిన డాక్టరు చేత వేరే సంగతులు రాయించుకోండి. ఎంతసేపు నిలబడగలరు, బరువు ఎత్తగలరా, బండి నడపగలరా, ఇంకా కోలుకునే అవకాశం ఉందా? పక్షవాతంలో మొదటి కొన్ని నెలల్లోనే ఎక్కువ మార్పు వస్తుంది. ఆరంభంలో రాసిన కాగితం ఏడాది తరువాత మీ స్థితిని చెప్పదు.

ఇక పింఛను. ఆంధ్రప్రదేశ్‌లో వికలాంగ పింఛనును 2024లో 3,000 నుంచి 6,000 రూపాయలకు పెంచారు. అది వస్తోంది కదా అని పిల్లల బాధ్యత తీరిపోదు. దాన్ని దాచనూ కూడదు. మనోవర్తి కేసుల్లో భార్యాభర్తలిద్దరూ ఆదాయం, ఆస్తి, అప్పుల వివరాలు ప్రమాణపత్రంలో ఇవ్వాలని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. పింఛనుతో పాటు మందులకు, కృత్రిమ కాలుకు అయ్యే ఖర్చు కూడా అందులో చూపండి.

అన్నిటికన్నా ప్రమాదం, జీతం ఆగింది కదా అని చెప్పాపెట్టకుండా డబ్బు మానెయ్యడం. మంచంలో ఉన్నా కోర్టు ఉత్తర్వు దానంతట అది మారదు. బకాయి పెరుగుతుంది, వారంటు వస్తుంది, తగిన కారణం లేకుండా ఎగ్గొడితే జైలు కూడా. పరిస్థితి మారింది, మొత్తం తగ్గించండి అని అర్జీ పెట్టుకునే దారి చట్టంలోనే ఉంది. పాత 127వ సెక్షన్ అది. 2024 జులై 1 నుంచి భారతీయ నాగరిక సురక్షా సంహితలో 146వ సెక్షన్ అయింది. ఆస్పత్రి డిశ్చార్జి కాగితం, యజమాని ఇచ్చిన ఉత్తరం జతచేసి వెంటనే వేయండి.

ప్లీడరు ఫీజుకు భయపడేవారు జిల్లా న్యాయసేవాధికార సంస్థకు వెళ్ళవచ్చు. వికలాంగులకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా న్యాయవాదిని ఇస్తారు. బిడ్డ తరఫున నిలబడ్డ తల్లికీ ఆ హక్కు ఉంది.