ఖాతా తెరవడం సులభం కావాలంటే

గ్రామీణ పరపతికి తొలి మెట్టు పొదుపు ఖాతా. ఆ మెట్టే ఎత్తుగా ఉంటే పంట రుణం, బీమా, పింఛను వంటి పైమెట్లు పేదవారికి అందవు. ఈ సత్యాన్ని గుర్తించే రిజర్వు బ్యాంకు 2005 నవంబరులో, నిల్వ లేకుండా గాని స్వల్ప నిల్వతో గాని ఖాతాలు తెరవాలని బ్యాంకులకు సూచించింది. 2014 ఆగస్టు 28న జనధన యోజన ఆరంభమైంది. నాటి కాగితాల కట్టల స్థానంలో నేడు ట్యాబ్ వచ్చింది. అయితే యంత్రం వచ్చినంత మాత్రాన మెట్టు ఎత్తు తగ్గదు.

పేరు వద్దే చిక్కు

మా శాఖ పరిధిలో పొదుపు సంఘంలో కొత్తగా చేరిన ఒక వ్యవసాయ కూలీ మహిళ దరఖాస్తు రెండుమార్లు తిరిగి వచ్చింది. ఆధార్‌లో ఆమెది పుట్టింటి ఇంటిపేరు. నేను రేషను కార్డు చూసి అత్తింటి పేరు నింపాను. రెండవమారు ఒక అక్షరం తేడా వచ్చింది. రెండుసార్లూ ఆమెకు ఒక రోజు కూలి పోయింది. తప్పు ఆమెది కాదు. గుర్తింపు పత్రంలోని పేరు యథాతథంగా నింపి, ఆమెకు చదివి వినిపించి ఉంటే సరిపోయేది. పత్రం పొందిన తరువాత పేరు మారినవారు ప్రభుత్వ వివాహ ధ్రువపత్రం గాని గెజిట్ ప్రకటన గాని జతచేస్తే చాలునని నిబంధనలే చెబుతున్నాయి.

రెండవ దారి ఉండాలి

నాట్లు వేసి, కలుపు తీసి అరిగిన వేళ్ళ ముద్రను యంత్రం తరచు గుర్తించదు. ఫోనుకు వచ్చే సంఖ్య చెప్పమందామంటే ఆ ఫోను కొడుకు వద్ద ఉంటుంది. అటువంటప్పుడు కనుపాప లేదా ముఖ గుర్తింపును ఆశ్రయించాలి. ఏ గుర్తింపు పత్రమూ లేనివారికి సైతం ‘చిన్న ఖాతా’ ఉంది. ఫొటో ఇచ్చి, అధికారి సమక్షంలో సంతకం లేదా వేలిముద్ర వేస్తే చాలు. అందులో నిల్వ 50,000 రూపాయలు, ఏడాది మొత్తం జమ లక్ష రూపాయలు, నెలలో తీసుకునే సొమ్ము 10,000 రూపాయలు దాటరాదు.

సమ్మతి మరువరాదు

సులభం అంటే ఖాతాదారుకు తెలియకుండా జరిగిపోవడం కాదు. సిమ్ పరిశీలనకు ఇచ్చిన వేలిముద్రతోనే తమకు తెలియకుండా ఖాతాలు తెరిచారని 2017లో ఫిర్యాదులు వచ్చాయి. ఆధార్‌తో చివరగా జతపడిన ఖాతాకే రాయితీ చేరుతుంది గనుక, ఎందరికో రావలసిన వంటగ్యాసు సొమ్ము ఆ ఖాతాలలో పడింది. ఆ ఏడాది డిసెంబరులో ఆధార్ ప్రాధికార సంస్థ సదరు కంపెనీకి పరిశీలన సదుపాయాన్ని నిలిపివేసింది.

మూడవమారు ఆ మహిళ ఇంటి అరుగు మీదనే దరఖాస్తు నింపాము. ప్రతి గడినీ తెలుగులో చదివాను. వేలు పెట్టే ముందు ఆమె, “ఇకమీదట నా గ్యాసు డబ్బులు ఎందులో పడతాయి సారూ?” అని అడిగింది. పాత ఖాతాలోనే ఉంచుకోవచ్చునని, మార్చడం ఆమె ఇష్టమేనని చెప్పాను. ఆ ప్రశ్న ఖాతాదారు అడిగేవరకు ఆగక, దరఖాస్తే ముందుగా అడగాలి. మన క్షేత్రాధికారులందరూ గమనించవలసిన విషయమిది.