తొలి కూర్పు సాక్ష్యం: తెలుగు రచయిత్రుల పాత పుస్తకాల గురించి

ధర్మపురి జిల్లా కంబైనల్లూరు నుంచి వచ్చి చదువుకుంటున్న ఒక విద్యార్థిని సెలవుల తరవాత నా బల్ల మీద ఒక పాత పుస్తకం పెట్టింది. వాళ్ల అవ్వ ట్రంకుపెట్టెలో దొరికిందట. అట్ట లేదు, ముఖపత్రం లేదు. లోపల మంగళహారతులు, ఆడవాళ్లు పేరంటాల్లో పాడుకునే పాటలు. ఇంట్లో అందరూ తెలుగే మాట్లాడతారు గాని, బళ్లో చదివింది తమిళం కనక ఆ అక్షరాలు ఎవరికీ రావు. పాత కాగితాలవాడికి వేసెయ్యబోతుంటే ఈ అమ్మాయి అడ్డుపడి తెచ్చింది. "సార్, దీనికి ఏమైనా విలువ ఉందా?" అని అడిగింది. ఆ ప్రశ్న ఆమె ఒక్కతెదే కాదు కనక జవాబు ఇక్కడ రాస్తున్నాను.

పుస్తకాలు సేకరించేవాళ్లు తొలి కూర్పుకు ఎక్కువ ధర ఇస్తారు. సాహిత్య చరిత్ర రాసేవాళ్లకు కావలసింది సాక్ష్యం. రచయిత్రుల విషయంలో ఈ సాక్ష్యం మరీ ముఖ్యం. వాళ్ల పుస్తకాల్లో చాలావాటికి రెండోసారి అచ్చయ్యే భాగ్యం కలగలేదు. అచ్చయినవాటిలో కొన్ని ఎవరో ఒకరి కత్తెరకు గురయ్యాయి.

ఇందుకు మంచి ఉదాహరణ ఈ తమిళనాటనే ఉంది. 18వ శతాబ్దంలో తంజావూరును మరాఠా రాజు ప్రతాపసింహుడు ఏలుతున్న కాలంలో ముద్దుపళని 'రాధికా సాంత్వనం' అనే శృంగార ప్రబంధం రాసింది. ఆమె భోగం కులంలో పుట్టిన విదుషి. కావ్యం మొదట్లో తన వంశం చెప్పుకుంటూ తన అవ్వ తంజనాయకిని గొప్పగా తలుచుకుంది. బ్రౌను దొరకు సహచరుడైన పైడిపాటి వెంకటనరసు 1887లో ఈ కావ్యాన్ని అచ్చువేయించాడు గాని, ఆ పీఠిక పద్యాలనూ మరికొన్నిటినీ వదిలేశాడు. అంటే ఆ అచ్చుప్రతి ఒక్కటే చదివినవాడికి ముద్దుపళని తన గురించి తాను చెప్పుకున్న మాటలే దొరకవు.

ఆ లోపం బెంగళూరు నాగరత్నమ్మ (1878-1952) వల్ల బయటపడింది. తిరువయ్యారులో త్యాగరాజస్వామికి సమాధి మందిరం కట్టించిన విదుషి ఈమే. అచ్చుప్రతి సంపాదించి, తరవాత చేతికందిన వ్రాతప్రతితో పోల్చి చూసింది. వదిలేసిన పద్యాలు చేర్చి, పీఠిక రాసి, 1910లో మద్రాసులో వావిళ్లవారి చేత అచ్చు వేయించింది. ఈ కావ్యాన్ని కందుకూరి వీరేశలింగం పంతులు అసభ్యమని నిందించారు. ఆ పీఠికలో ఆమె పంతులుగారికి జవాబు చెబుతూ, సిగ్గు ఆడవాళ్లకేనా, మగకవులకు అక్కర్లేదా అని నిలదీసింది. ఒకటి రెండేళ్లు గడిచేలోగానే పుస్తకం అశ్లీలమని ప్రభుత్వం నిషేధించింది. పోలీసులు ప్రతులు పట్టుకుపోయారు. టంగుటూరి ప్రకాశం మద్రాసు ప్రభుత్వాధినేతగా ఉన్న 1946-47లో గాని నిషేధం తొలగలేదు. వావిళ్లవారు 1952లో మళ్లీ అచ్చువేశారు. ఒకే కావ్యానికి 1887, 1910, 1952 నాటి అచ్చులు పక్కపక్కన పెట్టుకుంటే, ఎవరు ఏమి దాచారో, ఎవరు ఏమి తిరిగి నిలబెట్టారో తెలుస్తుంది. వీటిలో ఏ ఒక్కటి లేకపోయినా కథ సగమే.

రెండో ఉదాహరణ భండారు అచ్చమాంబ (1874-1905). కొమర్రాజు లక్ష్మణరావుగారి అక్క. భర్త ఉద్యోగరీత్యా తెలుగు నేలకు దూరంగా, నాటి మధ్య పరగణాల్లో కాపురముంటూనే 'అబలా సచ్చరిత్ర రత్నమాల' రాసింది. ఆమె కథ 'ధనత్రయోదశి' 1902లో 'హిందూసుందరి' పత్రికలో వచ్చింది. తొలి తెలుగు కథ గురజాడ 1910లో రాసిన 'దిద్దుబాటు' అని చాలాకాలం పాఠాల్లో చెప్పుకున్నాం. ఆ పాత సంచికలు మిగిలి ఉండబట్టే ఆ మాటను మళ్లీ విచారించవలసి వచ్చింది.

ఇక పుస్తకం చేతికి వస్తే ఏమి చూడాలి? మొదట ముఖపత్రం. పాత పుస్తకాల్లో క్రీస్తు శకానికి బదులు తెలుగు సంవత్సరం పేరు ఉండవచ్చు. 'సాధారణ' అని ఉంటే అది 1850-51 కావచ్చు, 1910-11 కావచ్చు, 1970-71 కావచ్చు. వెల అణాల్లో ఉంటే సాధారణంగా 1957కు ముందుదే, ఆ ఏడాదే నయాపైసలు వచ్చాయి. అరసున్నలు, బండి ఱలు వరసగా కనిపిస్తే పాతది కావచ్చు గాని, ఛాందసంగా రాసేవాళ్లు తరవాత కూడా వాటిని విడిచిపెట్టలేదు. 'రెండవ కూర్పు' అంటే మార్పులతో మళ్లీ సిద్ధం చేసినదనీ, 'పునర్ముద్రణ' అంటే ఉన్నదున్నట్టు వేసినదనీ అర్థం. ఈ తేడాను ప్రచురణకర్తలు అన్నివేళలా పాటించలేదు కనక, రెండు ప్రతులుంటే పుట పుటా పోల్చడమే మార్గం.

ముఖపత్రం లేకపోయినా దారి ఉంది. 1867 నాటి చట్టం ప్రకారం అచ్చయిన ప్రతి పుస్తకాన్నీ నమోదు చేయించవలసి ఉండేది. మద్రాసు ప్రభుత్వం మూడు నెలలకొకసారి వేసిన పట్టికల్లో పుస్తకం పేరు, కర్త, ముద్రాక్షరశాల, పుటలు, ప్రతుల సంఖ్య, వెల ఉంటాయి. రచయిత్రుల పేర్లు వెతికేటప్పుడు పుట్టింటి పేరూ, మెట్టినింటి పేరూ, ఇంటిపేరు లేకుండా ఉత్త పేరూ, మూడూ చూడాలి. వేటపాలెం సారస్వత నికేతనం, రాజమండ్రి గౌతమీ గ్రంథాలయం వంటి చోట్ల ప్రతులు పోల్చుకోవచ్చు.

కంబైనల్లూరు పుస్తకాన్ని ఇలాగే పరిశీలించాం. చివరి కాగితం మీద మద్రాసు ముద్రాక్షరశాల పేరు, అణాల్లో వెల, 'మూడవ కూర్పు' అనీ ఉన్నాయి. తొలి కూర్పు కాదని తెలిసి అమ్మాయి ముఖం చిన్నబోయింది. అయితే అంచుల్లో పెన్సిలుతో రాసి ఉన్నది చూపించాను. తమిళ అక్షరాలు, తెలుగు మాటలు. అచ్చులో లేని రెండు పాటలు ఎవరో రాసిపెట్టుకున్నారు. ఆమె కూడబలుక్కుంటూ చదివి, "ఇది మా అవ్వ పాడే పాట" అంది. ఆ పాట ఏ పుస్తకంలోనూ నాకు కనిపించలేదు.

మీ ఇళ్లలో ఇటువంటివి ఉంటే చిరుగులకు సెల్లో టేపు అంటించకండి, అది కాగితాన్ని తినేస్తుంది. అంచులు కత్తిరించి బైండు చేయించకండి, రాతలు పోతాయి. ప్రతి పుటకూ ఫోటో తీసి, ఏ ఊళ్లో, ఎవరింట్లో దొరికిందో ఒక కాగితం మీద రాసి పుస్తకంలో పెట్టండి. చదవడం రాకపోతే మా దగ్గరికి తీసుకురండి, కలిసి చదువుదాం.