కోపమా? అలకా?

బదిలీ మీద కలకత్తా వచ్చి ఏడాది కావస్తోంది. కిదిర్‌పూర్ రేవుకు దగ్గరగా, వాట్‌గంజ్‌లో ఉంటున్నాను. నా భార్య, ఇంటర్ చదివే మా అమ్మాయి విశాఖలోనే ఉన్నారు. పూజ సెలవులకు వస్తానని మాటిచ్చి వెళ్లలేకపోయాను. అప్పటి నుంచి మా అమ్మాయి ఫోన్‌లో "ఊఁ", "ఆఁ" తప్ప మాట్లాడలేదు. కోపమొచ్చిందనుకుని, "పెద్దదానివయ్యావు, అర్థం చేసుకోవాలి కదా!" అని గట్టిగా అన్నాను. దాంతో ఫోన్ ఎత్తడమే మానేసింది.

ఈ సంగతి బెంగాలీ సహోద్యోగితో చెబితే, "అది కోపం కాదు సార్, అభిమాన్" అన్నారు. తెలుగులో అభిమానమంటే ఇష్టం, ఆత్మగౌరవం. బెంగాలీలో మాత్రం, అయినవాళ్లు మనసు నొప్పిస్తే కలిగే బాధ. మనకు దానికి దగ్గరి మాట అలక. పరాయివాళ్ల మీద కోపగించుకుంటాం గానీ అలగం. అలిగినవారికి కావలసింది ఉపదేశం కాదు, బుజ్జగింపు. భావానికి పేరు తప్పుగా పెడితే మన స్పందనా తప్పుతుంది.

1990లో భావోద్వేగ ప్రజ్ఞను వివరించిన పీటర్ సాలొవే, జాన్ మేయర్, మన భావాలనూ ఎదుటివారి భావాలనూ గుర్తించి, తేడా తెలుసుకోవడాన్ని అందులో భాగంగా చెప్పారు. 2007లో మాథ్యూ లీబర్‌మన్ బృందం ప్రచురించిన పరిశోధనలో, ఫొటోల్లోని ముఖాలు చూసి వాటి భావానికి పేరు పెట్టినప్పుడు, మెదడులో ఉద్వేగాలకు స్పందించే అమిగ్డలా చురుకుదనం తగ్గింది. మన నాట్యశాస్త్రం ఏనాడో ఎనిమిది స్థాయీభావాలతో పాటు 33 సంచారీ భావాలను విడివిడిగా పేర్కొంది.

మనం మాత్రం అన్నిటికీ "చిరాకుగా ఉంది" అనేస్తాం. అలా అనిపించినప్పుడు కారణం వెతకండి. ఆశించింది జరగలేదా? అది నిరాశ. అన్యాయం జరిగిందనిపిస్తోందా? కోపం. ఏం జరుగుతుందో తెలియడం లేదా? ఆందోళన. తప్పు చేశామనిపిస్తోందా? అపరాధ భావం. నా గట్టి మాట వెనుక ఉన్నది ఈ చివరిదేనని ఆలస్యంగా తెలిసింది. ఎదుటివారి విషయంలో మాత్రం పేరు మనమే ఖాయం చేయకూడదు, అడగాలి.

ఆ రాత్రి వాళ్లమ్మ ఫోన్‌లో పలకరించాను. "రానందుకు తప్పు నాదేనమ్మా. అలిగావా?"

కాసేపు మౌనం. "అలక కాదు నాన్నా, బెంగ" అంది.

ఆ తర్వాత అరగంట మాట్లాడుకున్నాం.